రాయని మూడేళ్లు

చెల్లెలు అబద్ధమాడుతోందని భానోజీరావుకి మొట్టమొదట అనుమానం వచ్చింది ఒక ఆదివారం పొద్దున, సీతమ్మధార రైతుబజారులో.

బెండకాయలు ఏరుతున్న కనకం దగ్గరికి ఒకాయన నవ్వుకుంటూ వచ్చాడు. "బాగున్నారా అమ్మా? సార్ చక్కగా నడిచేస్తున్నారే! అంతా మీ చలవే" అన్నాడు. కనకం కూడా నవ్వి, "బాగున్నామండి" అంది. ఆయన భానోజీ భుజం తట్టి, రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయాడు. నాలుగడుగులు వేశాడో లేదో, కనకం అన్నగారి వైపు తిరిగింది.

"ఎవరన్నయ్యా ఆయన?"

భానోజీ చేతికర్ర మీద బరువు మార్చుకున్నాడు. ఆయన పేరు సింహాద్రి. ఫిజియోథెరపిస్టు. రెండేళ్లపాటు వారానికి ఐదు రోజులు వాళ్లింటికి వచ్చిన మనిషి. ఆయన భానోజీ కాళ్లు వంచుతుంటే రెండో పక్క పట్టుకుని నిలబడింది కనకమే.

"సింహాద్రి కదే!"

"ఓ... అవునవును. మాస్కు లేకపోయేసరికి పోల్చుకోలేదు" అంటూ కనకం బెండకాయలు తక్కెట్లో వేసింది.

సింహాద్రి ఏనాడూ మాస్కు పెట్టుకుని రాలేదు.

ఐదేళ్ల కిందట మద్దిలపాలెం కూడలిలో భానోజీ స్కూటర్ని లారీ గుద్దింది. వెన్నెముక దెబ్బతింది. అతనికి పెళ్లి కాలేదు. అమ్మానాన్నలు అప్పటికే పోయారు. అతనికంటే పన్నెండేళ్లు చిన్నదైన కనకమహాలక్ష్మి పరవాడలో ఒక మందుల కంపెనీలో కెమిస్టు. నెల రోజులు సెలవు పెట్టి వచ్చింది. ఆ నెల మూడేళ్లయింది. ఉద్యోగం పోయింది. దాదాపు కుదిరిన సంబంధం కూడా ఆ మూడేళ్లలోనే చెదిరిపోయింది. భానోజీ మంచం దిగి, గోడ పట్టుకుని, తర్వాత కర్ర పట్టుకుని నడిచాడు.

నడవగానే ద్వారకానగర్‌లో, కోచింగ్ సెంటర్ల మధ్య మేడమీదున్న తన గది మళ్లీ తెరిచాడు. ఇరవై రెండేళ్లుగా అతనికి తెలిసిన విద్య ఒక్కటే. ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లకి రెజ్యూమెలు రాసిపెట్టడం. వచ్చినవాళ్ల చేత ముందు కబుర్లు చెప్పించేవాడు. ఏ ఏడు ఏం చేశారో వింటూనే ఏ ఫార్మాట్ పనికొస్తుందో తేల్చేసేవాడు. "తేదీలు బాగున్నవాడికి తేదీల వరస. తేదీలు మొహం చాటేసినవాడికి పనుల వరస" అనేవాడు. తేదీల వరసలో ఏ సంవత్సరం ఎక్కడున్నామో గొలుసుకట్టుగా ఉంటుంది. మధ్యలో లంకె తెగితే వెంటనే కనిపిస్తుంది. పనుల వరసలో సంవత్సరాలు ఎక్కడో కింద అణిగి ఉంటాయి. వచ్చిన పనులే పైకి కనిపిస్తాయి.

ఆ గదికే ఒకరోజు డాక్టర్ మృణాళిని వచ్చింది. ఋషికొండ మీద చిన్న పరిశోధనశాల నడుపుతున్న మెదడు శాస్త్రవేత్త. సన్నటి పట్టీ ఒకటి తెచ్చింది. దానికి 'ధారణ' అని పేరు పెట్టింది.

"రెజ్యూమె మీరెంత బాగా రాసినా ఇంటర్వ్యూలో వాళ్ల నోరు పడిపోతుంది కదండీ, ఎందుకంటారు?" అని అడిగింది.

"భయం."

"భయం కాదు. వాళ్ల మెదడులో ఆ విషయం అడుగున ఉండిపోతుంది. దాన్ని పైకి తేవాలి."

ఆ రోజు తాతారావనే నలభయ్యేళ్ల మెకానిక్కు అక్కడే ఉన్నాడు. ఆమె పట్టీని అతని నుదుటికి కట్టి రెజ్యూమె చేతిలో పెట్టింది. "బాయిలర్ మరమ్మతులో తొమ్మిదేళ్ల అనుభవం" అని అతను చదివాడు. ఆ మాటతో అతనిలో కదిలిన జ్ఞాపకాన్ని పట్టీ పసిగట్టింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. నుదుటి మీద చీమ పాకినట్టయిందన్నాడు తాతారావు. మూడుసార్లు అలా చదివాక, నాలుగు మాటలు కలిపి చెప్పలేని ఆ మనిషి బాయిలర్ల గురించి అరగంట మాట్లాడాడు. నెల తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత భానోజీ మెట్ల మీద వరసలు కట్టారు.

కనకం అప్పటికి ఐదు ఇంటర్వ్యూలకి వెళ్లి వచ్చింది. "ఈ మూడేళ్లు ఏం చేశారు?" అని అడగ్గానే, "మా అన్నయ్య..." అని ఆగిపోయేది. ఆరోసారి భానోజీయే కూర్చుని ఆమెకి పనుల వరసలో రెజ్యూమె రాశాడు. పరీక్షా పద్ధతులు, యంత్రాలు, ఆడిట్లు. మూడేళ్ల ఊసే లేదు. పట్టీ కట్టి మూడుసార్లు చదివించాడు. అచ్యుతాపురంలో ఒక కంపెనీ క్వాలిటీ ల్యాబులో ఆమెకి ఉద్యోగం వచ్చింది. ఆ రోజు ఆమె మెట్లు రెండేసి చొప్పున ఎక్కి రావడం చూసి భానోజీ కళ్లు చెమర్చాయి.

రైతుబజారు నుంచి వచ్చాక అతను ఆమెని కనిపెట్టి చూడడం మొదలుపెట్టాడు. ఆ రోజులంటే విసిగిపోయి కావాలని తుడిచేసుకుంటోందా? లేక తన మీద కోపమా? ఆమె ఏ మామూలు మాట అన్నా అందులో రెండో అర్థం వెతికేవాడు. చివరికి ఒకరోజు భోజనాల దగ్గర వల పన్నాడు.

"నేను మంచంలో ఉన్నప్పుడు ఓసారి పనసపొట్టు కూర వండావు, గుర్తుందా? తిన్నదంతా కక్కేశాను."

కనకం ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తర్వాత నవ్వేసింది. "గుర్తు లేకపోవడమేం! ఎంత కంగారు పడ్డానో."

భానోజీ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ మూడేళ్లలో వాళ్లింట్లో పనసపొట్టు వండలేదు. డాక్టర్లు వద్దన్నారు.

మర్నాడు పాత ఫైళ్లు తీశాడు. తాతారావుకి ఫోన్ చేశాడు. అతనిది తేదీల వరస. మధ్యలో తండ్రి జబ్బుతో ఊళ్లో ఉండిపోయిన ఎనిమిది నెలలు కూడా అందులో రాసి ఉన్నాయి. తాతారావు ఆ ఎనిమిది నెలలూ పూసగుచ్చినట్టు చెప్పాడు. తర్వాత ఎర్నాయుడికి చేశాడు. ఎర్నాయుడు రెండేళ్లు రొయ్యల చెరువు వేసి నష్టపోయిన మనిషి. ఆ రెండేళ్లు కనపడకుండా పనుల వరసలో రాసింది భానోజీయే. ఫోను భార్య ఎత్తింది.

"చెరువు మాటెత్తితే ఇంకెవరిదో అన్నట్టు చూస్తున్నారండి. పీడ వదిలిందిలే అనుకున్నాను" అంది. మళ్లీ ఆవిడే, "ఆ చెరువు గట్టు మీదే మా పెద్దదాని పెళ్లి కుదిరిందండి. అది కూడా తెలీదంటున్నారు" అంది.

ఆ మధ్యాహ్నమే భానోజీ ఆటో ఎక్కి ఋషికొండ వెళ్లాడు.

మృణాళిని అంతా విని, కంప్యూటర్ తెర మీద రెండు గీతలు చూపించింది. ఒకటి పైకి లేస్తుంటే, రెండోది అంతకంతా కిందికి దిగుతోంది.

"ఒక జ్ఞాపకాన్ని గట్టిగా పైకి లాగితే పక్కనున్నవి కొంచెం అణుగుతాయి. అందరి మెదడులోనూ జరిగేదే. పట్టీ దాన్ని ఎన్నో రెట్లు చేస్తోంది."

"మరి తాతారావుకేం కాలేదేం?"

"తేదీ మేకులాంటిది. ఆ ఏడాదిని తలుచుకుంటే దానికి తగిలించినవన్నీ ఎంతోకొంత కదులుతాయి. పనుల వరసలో మేకులు ఉండవు."

"ఇది మీకు ముందే తెలుసా?"

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మొదటి పదిమందిలో ఒకావిడ తను పెరిగిన వీధి పేరు మర్చిపోయానంది. వయసు వల్లేమో అనుకున్నాను."

"అనుకున్నారా? అనుకోవాలనుకున్నారా?"

ఆమె తెర వైపు తిరిగింది. "ఉద్యోగం వచ్చిందా లేదా అన్నదే కొలిచాను. ఇంకేమీ కొలవలేదు" అంది మెల్లిగా. "జ్ఞాపకాలు పోలేదు, అణిగాయంతే. రాసి చదివిస్తే లేవచ్చు. కానీ ఏది రాస్తే అదే లేస్తుంది. ఏం రాస్తారో చూసుకోండి."

తిరుగుదారిలో సముద్రం కనిపిస్తున్నంతసేపూ భానోజీ తనని తనే నిలదీసుకున్నాడు. తేదీలు తీసేసింది చెల్లెలి కోసమేనా? తను గుక్కెడు నీళ్లకి, మలమూత్రాలకి ఇంకొకరి చేతుల మీద ఆధారపడ్డ సంగతి నలుగురి కంటా పడకూడదని కాదూ? ఆ ప్రశ్నకి అతని దగ్గర జవాబు లేకపోలేదు. ఒప్పుకోవడానికే ధైర్యం చాలలేదు.

ఇంటికొచ్చి కనకాన్ని కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె మొహం పాలిపోయింది.

"నాకేదో జబ్బు చేసిందనుకున్నాను అన్నయ్యా. రోడ్డు మీద ఎవరెవరో పలకరిస్తారు. నేను నవ్వుతాను. నీకు చెబితే కొత్త ఉద్యోగం మాన్పించేస్తావని భయం."

"మరి ఆ మూడేళ్లూ నువ్వెక్కడున్నాననుకున్నావు?"

"ఇంట్లోనే. ఉద్యోగం దొరక్క." ఆమె అతని కర్ర వైపు చూసింది. "నీకు దెబ్బ తగిలిందని తెలుసు. నువ్వే కోలుకున్నావనుకున్నాను."

"మళ్లీ కావాలా?"

"కావాలో వద్దో చెప్పాలంటే అందులో ఏముందో తెలియాలి కదా" అంది కనకం. ఆమె అతని వైపు చూసిన చూపు కొత్తగా ఉంది. కొట్టువాడు తూకం సరిగ్గా వేస్తున్నాడో లేదోనని చూసే చూపది.

భానోజీ రెండు రోజులు కూర్చుని రాశాడు. ఈసారి తేదీల వరస. ఇరవై రెండేళ్ల అనుభవమంతా పెట్టాడు. 'ఏప్రిల్ నుంచి మూడేళ్లు: వెన్నెముక దెబ్బతిన్న రోగి సంరక్షణ బాధ్యత పూర్తిగా నిర్వహణ. మందులు, ఆహారం, వ్యాయామం వేళ తప్పకుండా, సహనంతో పర్యవేక్షణ.' మృణాళిని పట్టీతో వచ్చింది. కనకం చదివింది. దీపం వెలిగింది. మూడోసారి చదివేసరికి ఆమె మొహంలో ఒక వెలుగు వచ్చింది.

"గుర్తొచ్చింది అన్నయ్యా! నేనే చూసుకున్నాను. వేళ తప్పకుండా మందులిచ్చాను."

అతనికి పొంగిపోవాలనిపించింది. కానీ అనుమానం ఒకసారి పట్టుకున్నాక ఊరికే వదలదు.

"రాత్రిళ్లు నువ్వెక్కడ పడుకునేదానివి?"

ఆమె తడుముకుంది.

"నా మీద ఎప్పుడైనా విసుక్కున్నావా?"

కనకం చేతిలోని కాగితం వైపు చూసింది. "ఇందులో సహనంతో అని ఉంది" అంది.

మృణాళిని తల దించుకుంది. కనకానికి సంగతి అర్థమైంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పెట్టింది.

"ఇది నేను కాదు. నువ్వు చూసిన నేను. నీకు తెలియని నేను ఉండదా?"

ఆ తర్వాతి రెండు ఆదివారాలూ ఆమె నోట్‌బుక్కు పట్టుకుని తిరిగింది. సింహాద్రిని కలిసింది. మందుల షాపతన్ని కలిసింది. ఆఖరికి వాళ్లింటి మేడమీద అద్దెకుంటున్న నూకరత్నం దగ్గరికి వెళ్లింది. నూకరత్నం జాకెట్లు కుడుతుంది. భానోజీ కూడా మెట్టు మెట్టుకీ ఆగుతూ వెనకే వెళ్లాడు.

నూకరత్నం మిషను తొక్కడం ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏటి సెప్పమంటావమ్మా? బాబు ముందరా?"

"చెప్పండి. నాకే తెలీదు."

"ఏటీ, నీకే తెల్దా!" నూకరత్నం నోరు నొక్కుకుంది. "రెండో ఏడు, నాగులచవితి నాడు. పొద్దున్నే సంచీ సర్దీసుకుని నా దగ్గరికొచ్చినావు. నాకింక సేతకాదు పిన్నీ, ఎల్లిపోతన్నాను, అన్నియ్యకి సాయంత్రం దాకా సెప్పొద్దన్నావు. బస్సు కాంప్లెక్సుకెళ్లే ఆటో ఎక్కీసినావు. నానే గంజి కాసి బాబుకి తాగించినాను. సాయంత్రానికి తిరిగొచ్చీసినావు. ఎందుకొచ్చినావో నానడగనేదు."

భానోజీకి ఆ రోజు గుర్తుంది. కనకం పుట్టలో పాలు పోయడానికి వెళ్లిందని చెప్పి నూకరత్నం గంజి పట్టుకొచ్చింది. అతను గోడకి చేరగిలబడ్డాడు. కనకం అతని వైపు చూడలేదు. నోట్‌బుక్కులో రాసుకుంటోంది.

ఆ మధ్యాహ్నమే ద్వారకానగర్ గదిలో ఆమె చెబుతుంటే అతను టైపు చేశాడు.

"సహనంతో అన్నది తీసెయ్. సంరక్షణ బాధ్యత కూడా తీసెయ్. పక్కబట్టలు మార్చాను, వాసనకి అన్నం సయించేది కాదు అని రాయి. సింహాద్రి చెప్పాడు. మందుల షాపులో నా కోసం నిద్రమాత్రలు అడిగాను, అతను ఇవ్వలేదు అని రాయి."

"రెజ్యూమెలో ఇలాంటివి రాయరే కనకం."

"ఇది నువ్వు ఏ కంపెనీకో పంపే కాగితం కాదు. రాయి. రెండో ఏడు, నాగులచవితి. ఇల్లు విడిచి వెళ్లిపోయాను. అదే రోజు తిరిగొచ్చాను."

అతను కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా వేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని కొట్టాడు. అలవాటుగా పనుల వరసలోకి జరపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దాన్ని తేదీ పక్కనే ఉండనిచ్చాడు.

మరుసటి వారం ఋషికొండలో మళ్లీ పట్టీ కట్టారు. మొదటి రెండుసార్లు కనకం పాఠం అప్పజెప్పినట్టు చదివింది. మూడోసారి 'అదే రోజు తిరిగొచ్చాను' దగ్గర ఆగింది. ఆకుపచ్చ దీపం వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది. ఈసారి ఆరలేదు.

"తాళం" అంది కనకం.

"ఏ తాళం?" అంది మృణాళిని.

"మందుల బీరువా తాళంచెవి. నా సంచిలో ఉండిపోయింది. బొబ్బిలి బస్సెక్కి కూర్చున్నాను. టిక్కెట్టు కూడా తీసుకున్నాను. కర్చీఫు కోసం చెయ్యి పెడితే తగిలింది. ఇచ్చేసి మళ్లీ పోదామని సగం దారిలో దిగాను." ఆమె కళ్లు కాగితం మీద లేవు. "ఇంటికొచ్చేసరికి నువ్వు నిద్రపోతున్నావు అన్నయ్యా. లేచాక చెప్పి వెళదామని కుర్చీలో కూర్చున్నాను. నువ్వు లేచేసరికి మాత్ర వేసే వేళయింది. మాత్ర వేశాను. వేశాక ఇంక బస్సుల్లేవు."

తాళం సంగతి కాగితంలో లేదు. సింహాద్రికి తెలియదు, నూకరత్నానికి తెలియదు. ఆ మూడేళ్లూ ఆ మంచంలోనే ఉన్న భానోజీకీ తెలియదు. ఇన్నాళ్లూ ఆమె ప్రతి మాటనీ గీటురాయి మీద గీసి చూసిన అతనికి, ఈ మాటని గీయాల్సిన అవసరం కనపడలేదు.

కనకం పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది.

"ఆ సాయంత్రం కుర్చీలో కూర్చుని ఏమనుకున్నానో తెలుసా అన్నయ్యా? నువ్వు లేవకపోతే బాగుండుననుకున్నాను."

అతను "తెలుసు" అనబోయాడు. తెలియదు కాబట్టి ఊరుకున్నాడు.

జ్ఞాపకంతో పాటు కోపం కూడా తిరిగొచ్చింది. కనకం అచ్యుతాపురంలో హాస్టల్లో చేరిపోయింది. భానోజీ ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. మృణాళిని పట్టీలన్నీ వెనక్కి తెప్పించుకుని, తను ఏం కొలవలేదో రాసి, అనుమతులిచ్చే పై సంస్థకి పంపించింది. పనుల వరసలో రాయించుకుని పట్టీ కట్టుకున్నవాళ్లు నూట నలభైమంది తేలారు. భానోజీ రోజూ వరసగా వాళ్లకి ఫోన్లు చేశాడు. ఎవరూ నమ్మలేదు. "కొత్త పట్టీ అంటగట్టడానికి ఎత్తా గురువుగారూ?" అని ఒకడన్నాడు. "ఉద్యోగం బాగుంది, మమ్మల్ని కదపకండి" అని ఇంకొకావిడ పెట్టేసింది. మర్చిపోయినవాళ్లకి ఏం పోయిందో చెప్పి నమ్మించడం ఎలాగో అతనికి తెలియలేదు.

కనకం వెళ్లిన మూడో ఆదివారం పదింటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కనకం వచ్చింది. పలకరించలేదు. కుర్చీ లాక్కుని అతని ముందున్న జాబితా తన వైపు తిప్పుకుంది. టిక్కు పెట్టని మొదటి పేరు భీమిలిలో ఒక టీచరమ్మది. ఫోన్ కలిపింది.

"నా పేరు కనకమహాలక్ష్మి అండి. మీలాగే పట్టీ కట్టుకున్నదాన్ని. నాకు మూడేళ్లు పోయాయి. తిరిగొచ్చాయి. రాకపోతేనే బాగుండేదేమోనని రోజుకోసారి అనుకుంటాను. అయినా మీది మీకు తెలియాలి కదండీ."

అటువైపు నుంచి ఒక సన్నని గొంతు, "మా ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తొద్దంటారు. ఏ మాటో నాకు తెలీడం లేదు. ఆయన్ని అడగమంటారా?" అంది.

కనకం తలెత్తి అన్నగారి వైపు ఒకసారి చూసింది.

"వద్దండి. పక్కింటివాళ్లని అడగండి, మీకు జాకెట్లు కుట్టేవాళ్లని అడగండి. ఇంట్లోవాళ్లని ఆఖర్న అడగండి" అంది.

భానోజీ ఆ మాట విన్నాడు. జాబితాలో ఆ పేరు పక్కన టిక్కు పెట్టి, తర్వాతి నంబరు వేలితో చూపించాడు.